కాయని బొప్పాయి

మరిది బొప్పాయి చెట్టు మీద కత్తి ఎత్తాడో లేదో, వదిన పరుగున వచ్చి అడ్డం నిలబడింది. ఆమె వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో వృక్షశాస్త్రవేత్త.

“తప్పుకో వదినా! పూయడమే గానీ ఒక్క కాయ కాసిన పాపాన పోలేదిది.”

“కొట్టెయ్యనివ్వమ్మా,” గోడ అవతల నుంచి పక్కింటి పిన్నిగారు వంత పాడింది. “తిని కూర్చునే రకం. పూలన్నీ రాలి నా పెరడంతా చెత్త! నా రెండు చెట్లూ చూడు, ఎలా విరగకాశాయో.”

“పోయినేడు పిందెలన్నీ రాలిపోయాయని మీరే కదా పిన్నిగారూ వాపోయారు?”

“అవును. ఈ ఏడు ఎరువు మార్చాగా!”

“ఎరువు కాదండీ. ఈ ఏడే మా చెట్టు పూతకొచ్చింది. ఇది మగ చెట్టు. మీవి రెండూ ఆడ చెట్లు. దీని పుప్పొడి అందకపోతే మీ చెట్లకు పిందె నిలవదు.”

పిన్నిగారు తన కాయల వంక చూసుకుంది. మరిది చేతిలో కత్తి వంక చూసింది.

“ఆగవయ్యా! మా ఇంటల్లుడని ముందే చెప్పొద్దూ?” అంటూ తన నీళ్ళ పైపు గోడ మీంచి ఇటు వేసింది. “కాసిని నీళ్ళు పొయ్యి. పాపం, ఎండకు ఎలా వాడిపోయాడో!”