ఆణిముత్యం కావలెను

మధ్యాహ్నం మూడు గంటల్లోపు బడి నుంచి ఒక మేధావిని పంపాలి. గడియారం రెండు దాటింది. హెడ్మాస్టర్ పురుషోత్తమ్‌కి తలప్రాణం తోకకొచ్చింది.

కర్ణాటకలో బాగేపల్లి అవతల, బస్సు బుద్ధిపుడితేనే వచ్చే ఊళ్ళో హైస్కూలు అది. ప్రతి బడీ ఒక ప్రతిభావంత విద్యార్థిని గుర్తించి ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించాలని పైనుంచి ఆదేశం. ఎంపికైతే చిక్కబళ్ళాపురంలో హాస్టలు, పీయూసీ దాకా చదువు, అంతా ఉచితం. ప్రతిభను ఎలా కనిపెట్టాలో పురుషోత్తమ్ రెండు రోజులు శిక్షణ కూడా పొందాడు. మొదటిరోజు సంచీ ఇచ్చారు. రెండోరోజు తియ్యటి ఓళిగలతో భోజనం పెట్టారు. తర్వాత చెప్పిందేదీ ఆయనకు గుర్తులేదు.

అయినా మనిషి మంచివాడు. రిటైరయ్యేలోపు ఒక్క ఆణిముత్యాన్నైనా లోకానికి చూపించాలని నిజంగానే ఆరాటపడుతున్నాడు.

కంప్యూటరు ముందు ప్రతిమ కూర్చుంది. జూన్‌లో క్లర్కు బదిలీ అయ్యాక ఆఫీసు పనంతా ప్రతిమ నెత్తినే పడింది. జీతాల బిల్లులు, మధ్యాహ్న భోజనం రిపోర్టులు, పై ఆఫీసుకు ఉత్తరాలు, అన్నీ.

"మొదటి ప్రశ్న చదువమ్మా."

"ఎవరూ నేర్పకుండానే కొత్త విషయాలు నేర్చుకుంటారా?" చదివేసరికి తెర కాస్తా తెల్లబోయింది. ప్రతిమ రెండు తీగలు పీకి, మళ్ళీ పెట్టి, ఏవో నాలుగు మీటలు నొక్కింది. ఫారం తిరిగొచ్చింది.

"ఇదంతా యాడ నేర్చుకున్నావమ్మా?"

"చూసి చూసి వచ్చింది, సార్."

"మన పిల్లోళ్ళలో అట్లాంటోళ్ళు ఒక్కరన్నా ఉండారా, చెప్పు!" నిట్టూర్చాడు పురుషోత్తమ్. "సరే, చేతన్ పేరు రాసెయ్. అల్లరి చెయ్యడు. చేతిరాత బాగుండాది. వాళ్ళ నాయనే కదా బడికి సున్నం కొట్టించింది."

ప్రతిమ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

"ఇంకెవురూ గుర్తుకు రాలేదా, సార్?"

"ఎవురుండారమ్మా?"

"ఏం లేదు, సార్."

ఆఖరున, ఆ విద్యార్థి ప్రత్యేకత గురించి రెండు వందల మాటల్లో కన్నడంలో రాయాలట. పురుషోత్తమ్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. ప్రతిమ పది నిమిషాల్లో టైపు చేసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. చదువుతూంటే నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"అబ్బ, ఏమి రాసినావమ్మా! చేతన్ ఇంత గొప్పోడని నాకే తెల్దే!"

మూడుకి ఐదు నిమిషాలుండగా చేతన్ పేరు వెళ్ళిపోయింది. పురుషోత్తమ్ గుండెల మీద నుంచి బండ దిగింది.

"వాడు పోతే పోనీలే. నువ్వు పోతే మాత్రం ఈ స్కూలు మూసుకోవల్సిందే," అన్నాడు మనస్ఫూర్తిగా.

ప్రతిమ తల ఊపి, కంప్యూటరు ఆపి, పరుగున వెళ్ళి ఎనిమిదో తరగతి గుమ్మంలో చేతులు కట్టుకుని "లోపలికి రావచ్చా సార్?" అని అడిగి, చేతన్ వెనక బెంచీలో తన చోట కూర్చుంది.