శవానికి కళ ఎక్కువైంది

"కట్! శవం ముఖం ఇంకా కళకళలాడుతోంది!" అంటూ ఎస్టోనియా డైరెక్టరు ఉర్మస్ ఇంగ్లీషులో అరిచి మళ్ళీ నెత్తి కొట్టుకున్నాడు.

శవపేటికలో పడుకున్న చక్రధర్ ఒక కన్ను తెరిచాడు. ఆ సినిమాకి నిర్మాత ఆయనే. ఎస్టోనియాలో సొంతంగా సినిమాలు తీసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ నిర్మాత అంటే వ్యాను తోలాలి, అన్నం వండాలి, అవసరమైతే గుర్రం వేషంలో వెనక కాళ్ళు కూడా తానే కావాలి. అవన్నీ చేసినవాడికి చావడం ఒక లెక్కా? శవం వేషం వెయ్యాల్సిన నటుడు విమానం అందుకోలేదని తెలియగానే తనే వచ్చి పడుకున్నాడు.

"ఇంకాస్త పౌడరు కొట్టమంటారా?" అంది భార్య మహతి. మేకప్పు, బట్టలు, ఉప్మా అన్నీ ఆవిడ శాఖలే. "డబ్బా అడుగంటింది. మూడు పూటలా నా చేతి వంట తిన్న ముఖం, పాలిపొమ్మంటే పాలిపోతుందా?"

షూటింగేమో సింగపూర్‌లో, హౌగాంగ్ పేటలో. అక్కడి ఫ్లాట్ల కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్ పెళ్ళికైనా చావుకైనా అందరిదీ. ఆ పూటే అక్కడ మలాయ్‌వాళ్ళ పెళ్ళి, డోళ్ళు అప్పుడే దిగుతున్నాయి. ఏడ్చే జనం మీదుగా వచ్చి శవం ముఖం మీద ఆగే ఈ ఒక్క పొడుగాటి షాటూ అయితే సినిమా పూర్తయినట్టే. కాకపోతే మూడేళ్ళ చాకిరీ బూడిదపాలు.

"ఇదే ఆఖరు చాన్సు! ఏం జరిగినా కదలకు చక్రా!" అని ఉర్మస్ కెమెరా నడిపించాడు.

మాటల్లేని సీను అది. అలాంటిది ముందు వరసలోంచి ఎవరో వచ్చి పేటిక మీద దబ్బున పడ్డారు.

"అయ్యో చక్రధర్ తంబీ! మా పునీతకి దిక్కెవరు!"

గొంతు పై అంతస్తు పుష్పవల్లి ఆంటీది. మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ, మాట చివర 'లా' తగిలించనిదే ఊరుకోదు. జనంలో కూర్చుంటానని ముచ్చటపడి వచ్చింది. పునీత ఎవరో మాత్రం చక్రధర్‌కి బొత్తిగా తెలియదు.

"నా కూతురి మెడలో తాళి కట్టి, ఆ మంచు దేశం పారిపోయి ఈ మహతిని కట్టుకుంటివే! ఒక్క ఫోనైనా కొట్టలేదే లా!"

లేచి అబద్ధమని అరిస్తే షాటు పోతుంది. పడుకుంటే కాపురం పోతుంది. ఉర్మస్‌కేమో తెలుగు రాదాయె, ఏడుపు బాగుందని మురిసిపోతున్నాడు.

"చూట్టానికి పెద్దమనిషే!" అంది ఏడ్చే జనంలో కూర్చున్న విశ్వేశ్వరరావు గొంతు.

"వాహ్, అంకుల్‌కి టూ వైవ్స్ ఆ?" అంది ఎవరి కూతురో.

"కాదని చెప్పమను! ఎడమ భుజం వెనక ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ లేదా?" అని పుష్పవల్లి గుండెలు బాదుకుంది.

ఉంది. చొక్కా కింద ఉన్నది ఈవిడకెలా తెలిసింది?

మహతి గాజులు ఒక్కసారి గలగలమని ఆగిపోయాయి. చెప్పులు టపటపమంటూ దూరంగా వెళ్ళిపోయాయి. సింగపూర్ ఉక్కపోతలో ఎస్టోనియా చలి వెతుక్కుంటూ వచ్చి చక్రధర్ ఎముకల్లో దూరింది. కెమెరా కిర్రుమంటూ దగ్గరికొచ్చి, ముఖం మీద ఆగి, ఎంతకీ కదలదు.

"కట్! అద్భుతం!" అని ఉర్మస్ గంతులేశాడు.

చక్రధర్ పేటికలోంచి ఒక్క దూకు దూకి, మెడలో దండతోనే పరిగెత్తాడు. పెళ్ళివారు కెవ్వుమన్నారు. స్తంభం పక్కన మహతి నిలబడి ఉంది.

"నీ మీద ఒట్టు మహతీ! ఆ పునీత ఎవరో నాకు తెలీదు!"

"నాకూ తెలీదు తంబీ, నాకున్న ఇద్దరూ మగపిల్లలే," అంటూ వెనకే వచ్చిన పుష్పవల్లి చెంగుతో నవ్వు మూసుకుంది.

మహతి ఆవిడ చేతికి కాఫీ కప్పు అందించి, మొగుడి ముఖాన్ని పరీక్షగా చూసి అంది:

"డబ్బాడు పౌడరుకి రాని తెలుపు, నేను నేర్పిన నాలుగు మాటలకి ఎలా వచ్చిందో చూశారా ఆంటీ!"