ఎనిమిదేళ్ళ వరస

"కట్టెల దొంగల రిజిస్టరా? దాంతో నీకేం పనమ్మా?" అటవీ రేంజి అధికారికి నవ్వొచ్చింది.

పరిశోధకురాలు నవ్వలేదు. "పాతవన్నీ కావాలి సార్. మీరు సాయంత్రం సంతకం పెట్టేలోగా."

సంతకం కోసం ఉత్తర్వు బల్లమీదే ఉంది. కొండకు కంచె వేసి, కింది పేటవాళ్ళను ఎండుపుల్ల కూడా ముట్టనివ్వకూడదని.

"తూర్పున ఎనిమిది వాలులు చూశావా? ఎంత చిక్కటి అడవో. ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను. అదంతా మా కాపలా చలవే."

ఆమె బీరువా దుమ్ములో తలదూర్చింది.

మూడింటికి రిజిస్టరూ, అందులోంచి రాసుకున్న ఒక కాగితమూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఈ ఒక్కావిడే పదహారేళ్ళలో పదహారుసార్లు పట్టుబడింది సార్."

"తెలియకేం, మొండిఘటం. ఆఖరిసారి పట్టుకున్నది నేనే. కొత్తగా గార్డుగా చేరిన రోజులు." గోడకు వేలాడుతున్న తుప్పు కొడవలిని చూపించాడు. "అదిగో, ఆవిడదే."

"ఏ ఏడు ఎక్కడ దొరికిందో చూడండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. ఒకటో వాలు, రెండో వాలు, మూడు... ఎనిమిది. మళ్ళీ ఒకటి.

"దొంగతనానికి వరసేమిటమ్మా?"

"కోసిన వాలుకి ఎనిమిదేళ్ళదాకా మళ్ళీ వెళ్ళేది కాదు. మొదలు జానెడు వదిలి, ఏటవాలుగా కోసేది. నీళ్ళు నిలిస్తే మోడు కుళ్ళి మళ్ళీ చిగురెయ్యదని. పేటలో ఆడవాళ్ళు ఇప్పటికీ అదే వరసలో కోస్తున్నారు."

ఆయన కిటికీలోంచి తూర్పుకు చూశాడు. "అంటే, ఆ ఎనిమిది వాలులూ..."

"అవే సార్."

ఆయన కలానికి మూత పెట్టాడు. ఉత్తర్వును తిప్పి పంపే ఫైళ్ళలో పడేశాడు.

"రేపు ఆవిణ్ణి పిలిపించు. ఈ కుర్చీలో కూర్చోబెట్టి అడుగుదాం, ఎక్కడ ఎప్పుడు కొయ్యాలో."

"ఆవిడ పోయి రెండేళ్ళయింది సార్."

ఆయన గోడమీది కొడవలి వైపు చూశాడు.

"అవునుగానీ," అన్నాడాయన ఉన్నట్టుండి, "జానెడు వదలడం, ఏటవాలుగా కొయ్యడం, ఇవేవీ రిజిస్టర్లో లేవే. నీకెవరు చెప్పారు?"

ఆమె తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. రిజిస్టరు ఆయన వైపు తిప్పి, ఆఖరి కేసు కింద ఆయన చేతిరాతలోనే ఉన్న ముక్క మీద వేలుంచింది: 'వెంట ఆరేళ్ళ మనవరాలు. మందలించి వదిలేశాను.'