ఆరిపోవలసిన మాట

ఎంతకీ ఆరదే!

జువాంగ్ వంగి, రాతిబాట మీద తను రాసిన వరుసని వేలితో తడిమి చూశాడు. తడి తగల్లేదు. గాజులా నున్నగా, చల్లగా తగిలింది. నీళ్లతో రాసిన అక్షరాలు గడ్డకట్టుకుపోయాయి. ముసలాయన గబగబా చుట్టూ చూశాడు.

రాసింది ఏ పద్యమో అయితే బాధే లేకపోను. "యూఫెన్ నవ్వు, వేడివేడి కాల్చిన చిలగడదుంప." అరచేయంత అక్షరాలు, పైనుంచి కిందికి, పార్కు నడిబాట మీద. ఆ యూఫెన్ ఏమో అవతల చెరువు గట్టున ఆడవాళ్లందరితో కలిసి డాన్సు చేస్తోంది. ఆ పాట అయిపోగానే ఇటే వస్తుంది.

సినిమా హాళ్లకి పెద్దపెద్ద బొమ్మలు వేసి రిటైరైన మనిషి జువాంగ్. మొన్న వసంతంలో దక్షిణాది సముద్రపు ఒడ్డునుంచి బీజింగులో కూతురింటికి వచ్చాడు. వచ్చిన వారంలోనే ఇక్కడి పెద్దవాళ్లని చూసి, పొద్దున్నే పొడుగాటి కుంచె బకెట్లో ముంచి బాట మీద రాయడం మరిగాడు. వాళ్లు పాత పద్యాలు రాస్తారు. ఈయన తోచింది రాస్తాడు. "కుర్చీకి నాలుగు కాళ్లున్నా మనమే దాని దగ్గరికి నడవాలి." "గొడుగుకి వాన గుర్తుంటుంది, యజమాని గుర్తుండడు." "కాకిని వేయడం సులువు, దాని నీడని వేయడమే కష్టం, రెండూ నలుపే."

"సినిమా బొమ్మలో తప్పు చేస్తే ఆ సినిమా ఆడినన్నాళ్లూ వెక్కిరిస్తుంది. నీళ్ల రాత అలాక్కాదు. మనం టీ తాగేలోపు మనల్ని క్షమించేస్తుంది" అనేవాడు. ఆ ధైర్యంతోనే, ఆకులు రాలడం మొదలైనప్పటినుంచి రోజూ ఆఖర్న ఈ ఒక్క వాక్యం రాస్తున్నాడు. ఆవిడ వచ్చేసరికి ఆవిడ పేరు ఆరిపోయి ఉండేది. ఆయనకి అంతే చాలు.

"ఏమయ్యా జువాంగ్, నేలమీద చతికిలబడ్డావేం?" పిట్ట పంజరం ఊపుకుంటూ వచ్చాడు స్నేహితుడు మెంగ్. వచ్చినవాడు ఊరుకోకుండా చదివేశాడు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! దుంపా?"

"అరవకయ్యా బాబూ! ఇది ఆరదేం?"

"ఎలా ఆరుతుంది? రాత్రినుంచి నీళ్లు గడ్డకడుతున్నాయి. మధ్యాహ్నం దాకా ఇలా మెరుస్తూనే ఉంటుంది."

"మా ఊళ్లో నీళ్లు చచ్చినా నీళ్లే. ఇలా రాయి అవుతాయని నాకేం తెలుసు!"

"ఈ వయసులో నీకిదేం పోయేకాలమయ్యా?"

"పోయేకాలమో రాబోయే కాలమో తర్వాత తేల్చుకుందాం. ముందు సాయం పట్టు. ఆవిడ చూసిందంటే రేపటినుంచి ఇటు మొహం చూపించదు. ఇంక నేను పొద్దున్నే లేవడం దేనికి?"

ఆ మాటకి మెంగ్ నవ్వు ఆపేసి, పంజరం కొమ్మకి తగిలించాడు. జువాంగ్ ఫ్లాస్కులోని టీ అంతా అక్షరాల మీద గుమ్మరించాడు. ఒక్క క్షణం పొగలు వచ్చాయి. అంతలోనే ఆ టీ కూడా గడ్డకట్టి, అక్షరాలు తేనెరంగులో నిగనిగలాడాయి.

"బాగుంది! రంగు కూడా వేశావు. చేతి అలవాటు ఎక్కడికి పోతుందిలే" అన్నాడు మెంగ్.

ఇంటి తాళంచెవితో గీకితే ఒక్క చుక్క ఊడింది. అటు పాట ఆగిపోయింది.

జువాంగ్ ఇంకేం తోచక ఒంటిమీది కోటు విప్పి నేలమీద పరిచాడు. పేరూ నవ్వూ కోటు కిందికి పోయాయి. చివరి మాటకి కోటు చాలలేదు. పోనీ, చిలగడదుంప అంటే ఎవరికి కోపం వస్తుంది?

యూఫెన్ ఆయాసపడుతూ వచ్చింది. రోజూలాగే ఎర్ర మఫ్లరు, రోజూలాగే చేతిలో కాగితం పొట్లం. పొట్లంలోంచి ఆవిర్లు వస్తున్నాయి.

"ఇదిగోండి మాస్టారూ, వేడిగా ఉంది. తొక్క మాడిందే ఏరి తెచ్చాను."

జువాంగ్ రెండు చేతులతో అందుకున్నాడు. దుంప తిన్న రోజు సాయంత్రం దాకా ఆయనకి గుండెల్లో మంట. అయినా ఒక్కనాడూ వద్దనలేదు. ఎదటివాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టడం ఆవిడకి అలవాటు అనుకుని, తొక్కతో సహా తినేసేవాడు.

"అయ్యో, ఈ చలిలో కోటు కింద పడేసుకున్నారేమిటి? జబ్బు చేస్తే మీ అమ్మాయి ఎవర్ని అంటుంది?" అంటూ, ఆయన వద్దు వద్దంటున్నా, ఆవిడ వంగి కోటు ఎత్తేసింది.

ఎత్తినది అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మెంగ్‌కి ఉన్నట్టుండి పిట్టకి గింజలు వేయాలని గుర్తొచ్చింది.

"ఇది రోజూ రాస్తున్నారా?"

"క్షమించండి యూఫెన్ గారూ. నీళ్లే కదా, ఆరిపోతుంది కదా అని..."

"ఆకులు రాలినప్పటినుంచా?"

జువాంగ్ తల దించుకునే ఊఁ అన్నాడు. ఆవిడ కోటు దులిపి ఆయన భుజాల మీద కప్పింది. తర్వాత ఆయన చేతిలోని పొట్లం లాగేసుకుంది. ఇంక అంతా అయిపోయిందనుకున్నాడాయన.

"నేనొచ్చేసరికి పైదంతా ఆరిపోయి చివరి మాటొక్కటే తడిగా కనబడేది. పాపం ముసలాయన, కూతురింట్లో అడగలేక నేలమీద రాసుకుంటున్నాడు కాబోలని రోజూ కొనుక్కొచ్చి పెడుతున్నాను. మీకు కావలసింది దుంప కాదని ఒక్కనాడైనా నోటితో చెప్పకూడదటండీ!" అంటూ, యూఫెన్ పార్కంతా వినబడేలా నవ్వింది.