ఒరెస్తే కొట్టిన మేకులు

చెప్పులు కుట్టే ఒరెస్తే కొట్టు ముందు ఫుల్వియో ఆగాడు. ముప్పై రెండేళ్లుగా ఆ ముసలాయన ఎదురుపడితే తలవంచుకుని పక్క సందులోకి తప్పుకునే మనిషి. ఇవాళ చంకలో తోలు సైకిలు బూట్లతో వచ్చాడు.

ఎదురు కాఫీ కొట్టు నడిపే దీనా గుమ్మంలోంచి చూడనే చూసింది.

"ఆయన దగ్గరికా ఫుల్వియో? రెండో కాలైనా మిగుల్చుకోవయ్యా."

ఇటలీలోని ఆ టస్కనీ కొండ ఊళ్లో అది అరిగిపోయిన హాస్యమే. ముప్పై రెండేళ్ల కిందట ఊరు ఆశలన్నీ పెట్టుకున్న కొండ సైకిలు పందెంలో, ఒరెస్తే మేకులు కొట్టిచ్చిన బూటులోంచే ఫుల్వియో అరికాల్లో మేకు దిగింది. బూటు నిండా నెత్తురుతో దారిలోనే దిగిపోయాడు. ఆ తర్వాత సైకిలు బూట్లతో ఒరెస్తే గడప తొక్కినవాడు లేడు. అంత చేయి తిరిగిన పనివాడూ హ్యాండ్‌బ్యాగులకు జిప్పులు కుట్టుకుంటూ బతికాడు.

"ఆదివారం పాత సైకిళ్ల పందెం, బాబాయ్. క్లీట్లు నువ్వే కొట్టాలి," అన్నాడు ఫుల్వియో, నేల చూస్తూ.

ముసలాయన బూట్లు తిరగేశాడు. నాలుగు రోజులు ఉత్త బూట్లతో తొక్కితే అడుగున పడే పెడల్ గీత స్పష్టంగా ఉంది. ఆ గీత మీదే క్లీట్లు, అంటే బూటును పెడల్‌కి పట్టి ఉంచే లోహపు బిళ్లలు, ఆనించి, పొట్టి మేకులు ఏరి ఏరి కొట్టాడు. ఆపైన బూటులోకి చెయ్యి దూర్చి లోపలంతా తడిమాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"ఆగేముందు పెడల్ మీది కాలి పట్టీ వదులు చేసుకో. లేకపోతే సైకిలుతో సహా పడతావు," అన్నాడు. బూటు అడుగు వేలితో రుద్దుతూ, "అప్పుడూ ఇట్లాగే తడిమానురా. ఆ పొడుగు మేకు నా చేతికెట్లా తగల్లేదో," అన్నాడు.

"వదిలెయ్ బాబాయ్."

"ఎట్లా వదిలేది? నీ బతుకు పాడుచేశాను. అయినా నా దగ్గరికే వచ్చావు. నీది దేవుడి మనసు."

ఫుల్వియో సిగ్గుతో చచ్చిపోయాడు. ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఒరెస్తే వీధిలోకి నడిచి, బూట్లు ఎత్తి దీనాకి చూపిస్తున్నాడు.

"నన్ను క్షమించాడమ్మా," అంటూ కళ్లు తుడుచుకుంటున్నాడు.

దీనా నవ్వలేదు. లోపలికెళ్లి కాఫీ తెచ్చి ఫుల్వియో చేతిలో పెట్టింది. "మనిషంటే నువ్వయ్యా," అంది.

ఫుల్వియో కాఫీ తాగకుండానే కప్పు బల్ల మీద పెట్టేశాడు.

ఆనాటి పందెం పొద్దున, ఆ కొండ ఎక్కడం తన వల్ల కాదని తెలిసిపోయి, ఓడితే ఊరికి చెప్పుకోవడానికి ఒక సాకు కావాలని, ఆ పొడుగు మేకును బూటులోకి దిగ్గొట్టుకున్నది ఫుల్వియోనే.