మంగ్లూ బండి

ఆయతు పికప్ దిగి రోడ్డు దాటేలోపే నూకరాజు తన షెడ్డు షట్టరు సగానికి లాగేశాడు. మిగతా సగానికి తానే అడ్డంగా నిలబడ్డాడు. గనుల ఊరు కిరందుల్ బజార్లో ఏ మెకానిక్కూ పట్టపగలు గిరాకీ మొహం మీద షట్టరు వెయ్యడు. నూకరాజు వేశాడంటే, ఆ ముసలాయన దేనికొచ్చాడో అతనికి ముందే తెలుసన్నమాట.

"బండియ్యి మిస్త్రీ" అన్నాడు ఆయతు.

"ఇవ్వను."

బండి ఆయతు కొడుకు మంగ్లూది. గనిలో కాంట్రాక్టు పని చేసే మంగ్లూ తన పాత రాజ్‌దూత్ మోటార్‌సైకిల్‌ని తెచ్చి, దీన్ని కొత్త బండిలా చేసిపెట్టమని నూకరాజుకి అప్పగించాడు. పని సగంలో ఉండగానే జ్వరమొచ్చి చనిపోయాడు. ఇప్పుడు దోర్నపాల్ అవతల వాళ్ల ఊళ్లో అతని పేర రాయి నిలబెడుతున్నారు. పోయినవాడు వాడుకున్న వస్తువులు ఆ రాయి దగ్గర పెట్టడం వాళ్ల ఆనవాయితీ. గొడుగు కావచ్చు, గిన్నె కావచ్చు, సైకిలు కావచ్చు. కిరందుల్‌లోనే పుట్టి పెరిగిన నూకరాజుకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

అతని మంట కూడా అదే. ఇన్నేళ్లుగా గని ఎర్రదుమ్ములో పంక్చర్లు వేసి, బ్రేకులు బిగించి అరిగిపోయిన చేతులకు జన్మకొక్కసారి దొరికే పని దొరికింది. కొత్త ఇంజను, డిస్క్ బ్రేకు, బటన్ స్టార్టు, అల్లాయ్ చక్రాలు, రాత్రిని పగలు చేసే ఎల్‌ఈడీ దీపం. మంగ్లూ పోయాడని తెలిసినా పని ఆపలేదు. చివరి బోల్టు నిన్ననే బిగించాడు. ఇంజను శబ్దం వింటుంటే తన బిడ్డ మాట్లాడినట్టే ఉంది. అలాంటిదాన్ని తీసుకుపోయి వానలో నానబెడతారంటే అతనికి ఒళ్లు మండిపోతోంది.

"రోడ్డు మీద తిరగడానికి సేసినాను దాన్ని, తుప్పట్టడానికి కాదు. రాయి కాడ పెట్టనని ఒట్టెయ్, తాళం ఇచ్చీస్తాను" అన్నాడు.

"నా కొడుకు బండి యాడ పెట్టాల్నో నువ్వు జెప్తవా?"

జనం పోగయ్యారు. నూకరాజు తరఫు తెలుగువాళ్లు అంత మంచి బండిని పాడుపెట్టడం పాపమన్నారు. ఎదురుగా ఉన్న కిరాణా సేఠ్, ఎవడి సొత్తు వాడికివ్వక నీకెందుకీ లొల్లి అని హిందీలో కసిరాడు. ఎవరో పోలీసుల మాటెత్తితే, పిలుచుకోండని నూకరాజు రెచ్చిపోయాడు. ఆయతు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. సాయంత్రమైనా, రేపైనా తాను అక్కడే ఉంటానన్నాడు. ఆ మాటతో నూకరాజు పూర్తిగా నోరు జారాడు.

"సచ్చినోడు బండి తోల్తాడేటి?"

పికప్‌లో కూర్చున్న మంగ్లూ భార్య దేవే దిగి, తిన్నగా నడిచొచ్చి, నూకరాజు కాళ్ల ముందు ఉమ్మింది. అతను చెయ్యెత్తబోయాడు. షెడ్డు వెనక గదిలోంచి అతని భార్య చిన్నమ్మి విసురుగా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"తాళి తెంచుకున్న ఆడదాని మీద సెయ్యెత్తుతావా? సిగ్గునేదా నీకు?" అని మొగుణ్ణి పక్కకు నెట్టి, షట్టరు పైకెత్తేసింది.

బండి తళతళలాడుతూ కనబడింది. జనంలో ఒకరిద్దరు అబ్బా అన్నారు. ఓడిపోయిన నూకరాజు కనీసం గొప్పయినా చెప్పుకోవాలనుకున్నాడు.

"కళ్లారా సూసుకో. సట్రం ఒక్కటే పాతది, దాన్ని కూడా గీకి రంగేసినాను. మిగతాదంతా కొత్తదే. ఇంక తీసుకుపోయి మట్టిలో కలిపీ."

ఆయతు బండి చుట్టూ తిరిగాడు. హ్యాండిలు పట్టుకుని వదిలేశాడు. సీటు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. దేవే వంగి టాంకు రెండు పక్కలా మంగ్లూ చేతి గుర్తు ఏదైనా మిగిలిందేమోనని వెతికింది. లేచి మామకేసి చూసి లేదన్నట్టు తల ఊపింది. ఆయతు మొహంలో ఇందాకటి కోపం పోయింది. దాని స్థానంలో వచ్చింది బెదురు.

"ఇది ఎవరిది మిస్త్రీ?"

"మీవోడిదే. ఆడు సెప్పినట్టే సేసినాను."

"మావోడు దీన్ని ముట్టనే లేదు గద. వాడు కూసున్న సీటేది? వాడు పట్టిన హ్యాండిలేది?" ఆయతు బండికి దూరంగా జరిగాడు. "వాడు ముట్టనిది రాయి కాడ పెడితే వాడికెట్ల అందుతది? ఇది నాకొద్దు. నువ్వే తోల్కో."

నూకరాజుకి తన చెవులను తానే నమ్మబుద్ధి కాలేదు. ఇంత గొడవా దేనికోసం పడ్డాడో అది ఊరికే చేతికొచ్చింది. బండి తనదే. రోడ్డు మీదే తిరుగుతుంది. సంతోషం ఆపుకోలేక, తాళం గట్టిగా పిడికిట్లో బిగించాడు.

"విప్పిన పాత సామాను ఉంటది గద, అదియ్యి. తీస్కొని పోతం" అన్నాడు ఆయతు.

బండి మీద కప్పడానికి తెచ్చిన కొత్త గుడ్డని దేవే షెడ్డు నేల మీద పరిచింది. నాలుగు మూలలూ సరిచేసి, పక్కనే కూర్చుని నూకరాజుకేసి చూసింది.

మంగ్లూ చెయ్యి తగిలిన ప్రతి ముక్కా రాయ్‌పూర్ కొలిమిలో కరిగిపోయిందని ఆమెకు చెప్పాల్సింది, షెడ్డులో చోటు చాలడం లేదని వాటన్నిటినీ తన చేతులతోనే పాత ఇనుము కొనే కబాడీవాడి లారీకెత్తిన నూకరాజే.