తెగిన లైను

"రాయి అన్నా. ఇగ ఫోన్ చెయ్యొద్దు, ఇంటికి రావొద్దు అని రాయి," అంది జమ్ములమ్మ.

మస్కట్‌లో కూలి చేసే భర్త బీసన్నతో కంప్యూటర్లో మాట్లాడటానికి ఆమె వారం వారం గట్టు అనే ఊరి నుంచి గద్వాలలోని ఇంతియాజ్ నెట్ సెంటర్‌కు వస్తుంది. మూడు వారాలుగా హలో అనగానే లైను తెగిపోతోంది. "మీ ఆయనే కట్ చేస్తుండు," అని చెప్పింది సెంటర్ నడిపే ఇంతియాజే.

అతను రాసి, సెండ్ నొక్కాడు. మెయిల్ కదల్లేదు. విసుక్కుంటూ లేచి, సెంటర్ మొత్తానికి నెట్ పంచే ఫైర్‌వాల్ కంప్యూటర్‌ను చూశాడు. ఎవరేం చూస్తున్నారో కనిపెట్టడానికి మూడు వారాల కిందట తాను పెట్టిన నిఘా ప్రోగ్రామే దాని శక్తినంతా మింగేస్తోంది. దాన్ని ఆపేశాడు.

ఆపాక గాని తట్టలేదు, ఇన్నాళ్లూ ఆమె లైనును తెంచింది ఏమిటో. పరుగున వెనక్కి వచ్చాడు. అప్పటికే మెయిల్ వెళ్లిపోయింది.

"పోయిందా అన్నా?"

"పోయింది చెల్లె. బీసన్న కట్ చెయ్యలే. తప్పు నా మిషన్ల ఉండె. తెల్వకనే గట్లన్న."

జమ్ములమ్మ అతన్నే చూస్తూ హెడ్‌ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

"కలుపు. గా మాట ఆయనకు నువ్వే చెప్పు."

అవతల గంట స్పష్టంగా మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.